ఇంటర్వెల్ కార్డియోకి ఆడియో వర్కౌట్ ఎలా ఎంచుకోవాలి: హైదరాబాద్‌లో పరిగెత్తేవాళ్ల కోసం

ప్లే నొక్కగానే మ్యూజిక్ దంచుతూ కోచ్ "లెట్స్ గో" అని అరుస్తుంటే ఎవరికైనా ఊపొస్తది, కానీ ఆ ఊపు చూసి మాత్రం ఆడియో వర్కౌట్ ఎంచుకోకండి. అరిచే గొంతు ఎక్కడైనా దొరుకుతది. ఎంతసేపు పరిగెత్తాలి, ఎంత గట్టిగా, తర్వాత రెస్ట్ ఎంత, ఈ సంగతులు టైమ్‌కి ముందే మన చెవిలో వేసే ఆడియోనే అసలు పనికొచ్చేది. ఇంటర్వెల్ అంటే కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా, మళ్లీ గట్టిగా, ఇలా రౌండ్లుగా చేసే ఎక్సర్‌సైజ్. అలాంటి ఒక సెషన్ మనకి సరిపోయిందా లేదా అని తెల్సుకోడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే, మొదటి రౌండ్ ఏ స్పీడ్‌లో చేశారో ఆఖరి రౌండ్ కూడా దాదాపు అదే స్పీడ్‌లో చేయగలిగారా అని. మొదటి రెండు రౌండ్లకే ప్రాణం పోయి మిగతాదంతా ఈడ్చుకుంటూ పూర్తిచేస్తే అది కష్టమైన వర్కౌట్ కాదు, మీకు తప్పు వర్కౌట్. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతది.

స్టెప్ 1: ముందు మీ బాడీ సంగతి చూస్కోండి

ఇది లైట్ తీస్కోకండి ప్లీజ్. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసి ఇప్పుడే మొదలుపెడ్తున్నవాళ్లు, ఒకసారి డాక్టర్‌ని కలిసి "నేను గట్టిగా ఆయాసం వచ్చే ఎక్సర్‌సైజ్ చేద్దామనుకుంటున్నా" అని ఈ మాటలతోనే అడగండి. ఉట్టిగ "వాకింగ్ చేయొచ్చా" అంటే అందరికీ చేయమనే చెప్తారు, దానికి దీనికి చాలా తేడా ఉంది. బీటా బ్లాకర్ ట్యాబ్లెట్లు (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్లకి హార్ట్ రేట్ మందు వల్లనే అంతగా పెరగదు కాబట్టి వాచ్‌లో నెంబర్ చూసి స్పీడ్ పెంచే పద్ధతి వాళ్లకి అస్సలు పనికిరాదు. ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున ఇంటర్వెల్స్ చేయొచ్చా అని తప్పకుండా అడగాలి.

చేస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, నొప్పి ఎడమ చేతికి దవడకి పాకినా, కళ్లు తిరిగినా ఆడియోలో కోచ్ ఏమంటున్నాడో వినొద్దు, ఆపేయండి, పక్కనున్నవాళ్లకి చెప్పండి, 108కి ఫోన్ చేయించండి.

ఇంకో మాట, ఆగకుండా 30 నిమిషాలు మెల్లగా జాగింగ్ చేయలేనివాళ్లు కష్టమైన ఇంటర్వెల్స్‌లోకి ఇప్పుడే దూకొద్దు. వాళ్లకి కౌచ్ టు 5కే (అసలు పరిగెత్తనివాళ్లని 5 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లేది) లాంటి ప్లాన్ ఉంది, అది కూడా ఇంటర్వెలే, ఆడియోలో కూడా దొరుకుతది. మొదటి వారం 5 నిమిషాలు ఫాస్ట్‌గా నడిచి, తర్వాత 60 సెకండ్ల పరుగు 90 సెకండ్ల నడక అలా మొత్తం 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు, 9 వారాల ప్లాన్. అది పూర్తిచేసి వచ్చినవాళ్లకి మిగతా స్టెప్స్ చాలా ఈజీగా ఎక్కుతయ్.

స్టెప్ 2: పేరు వదిలేసి లెక్క చూడండి

యాప్‌లో వర్కౌట్ పేర్లు "బర్నర్", "బీస్ట్", "కిల్లర్" అని ఉంటయ్, వాటితో ఏమీ తెలీదు. కింద డిస్క్రిప్షన్‌లో ఎన్ని రౌండ్లు, రౌండ్‌కి ఎన్ని నిమిషాలు, మధ్యలో గ్యాప్ ఎంత అని రాసుందా చూడండి. అది రాయని ఆడియోని మొదటిసారి పరిగెత్తుతూ కాదు, ఇంట్లో కూర్చుని వినండి, అక్కడక్కడా ముందుకు జరుపుతూ వింటే ఐదు నిమిషాల పని, ఒక పేపర్ మీద లెక్క రాస్కోండి. అలా రాస్కుంటే దాదాపు ప్రతి ఆడియో ఈ నాలుగు రకాల్లో ఏదో ఒకదాని కిందకి వస్తదని మీకే అర్థమైతది.

మొదటిది నిమిషాల లెక్కన పొడుగ్గా ఉండే ఇంటర్వెల్స్. వీటిల్లో ఫేమస్ నార్వే వాళ్ల 4x4. పది నిమిషాలు వార్మప్, తర్వాత 4 నిమిషాలు గట్టిగా నాలుగు రౌండ్లు, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్యలో 3 నిమిషాలు మెల్లగా, చివర్లో ఐదు నిమిషాలు కూల్‌డౌన్, మొత్తం కలిపితే 40 నిమిషాలు. అక్కడి ట్రాండ్‌హైమ్ ఊళ్లోని యూనివర్సిటీ వాళ్లు 2007లో పబ్లిష్ చేసిన స్టడీలో వారానికి మూడు రోజుల చొప్పున 8 వారాలు దీన్ని చేయించారు, గట్టి భాగం మాక్సిమం హార్ట్ రేట్‌లో 90 నుంచి 95 శాతం, రెస్ట్ భాగం 70 శాతం దగ్గర. అంతే పని మెల్లగా చేసినవాళ్ల కన్నా ఇలా చేసినవాళ్లకే వీఓటూ మ్యాక్స్ (గట్టిగా చేసేటప్పుడు బాడీ ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే కొలత) బాగా పెరిగింది. నన్నడిగితే కార్డియో నిజంగా పెంచుకోవాలనుకునేవాళ్లు ముందు వెతకాల్సిన ఆడియో ఇదే. ఎందుకంటే 4 నిమిషాల్లో ఫస్ట్ నిమిషం హాయిగా ఉంటది, మూడో నిమిషంలో బుర్ర "ఆపేద్దాం" అంటది, సరిగ్గా అక్కడే చెవిలో ఒక మనిషి గొంతు ఉంటే పని జరుగుతది.

రెండోది సెకండ్ల లెక్కన ఉండేవి, 30 సెకండ్లు ఫాస్ట్ 30 సెకండ్లు స్లో లాంటివి. ఫ్రాన్స్‌లో వెరోనిక్ బియా అనే సైంటిస్ట్ వీటిమీద చాలా పని చేశారు. ఇది 4x4 కన్నా మనసుకి తేలిక, అరనిమిషమే కదా అని అనిపిస్తది, కానీ మొదటి 30 సెకండ్లు బుల్లెట్‌లా పోతే పదో రౌండ్‌కి కాళ్లు లేవవు. స్పీడ్ పట్టి ఉంచమని చెప్పే కోచ్ ఉన్న ఆడియో తీస్కోండి.

మూడోది డెన్మార్క్ వాళ్ల 10-20-30, కోపెన్‌హేగన్ యూనివర్సిటీలో యెన్స్ బాంగ్స్‌బో టీమ్ 2012లో పబ్లిష్ చేసింది. 30 సెకండ్లు మెల్లగా, 20 సెకండ్లు మామూలుగా, 10 సెకండ్లు ఫుల్ స్పీడ్, ఇలా ఆపకుండా ఐదుసార్లు అంటే 5 నిమిషాలు, తర్వాత 2 నిమిషాలు రెస్ట్, ఇట్లాంటివి మూడు నాలుగు బ్లాకులు. ఇది ఆడియో లేకుండా చేయడం చాలా చిరాకు, ప్రతి పది ఇరవై సెకండ్లకి వాచ్ చూస్తూ ఎవరు పరిగెత్తగలరు చెప్పండి? అందుకే గైడెడ్ ఆడియో అసలు విలువ తెలిసేది ఇక్కడే. ఫ్రెండ్స్‌తో కలిసి చేయడానికి కూడా ఇది బాగుంటది, ఎవరి 10 సెకండ్లు వాళ్లు ఎంత స్పీడ్‌లో పోయినా 30 సెకండ్ల మెల్ల భాగంలో మళ్లీ కలుస్తారు.

నాలుగోది టబాటా. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. జపాన్‌లో ఇజుమి టబాటా 1996లో పబ్లిష్ చేసిన ప్రయోగంలో 20 సెకండ్లు పని 10 సెకండ్లు రెస్ట్, 7 లేదా 8 సార్లు, అంటే వార్మప్ తీసేస్తే అంతా కలిపి 4 నిమిషాలే, అదీ సైకిల్ ఎర్గోమీటర్ (ఉన్నచోటే తొక్కే ఎక్సర్‌సైజ్ సైకిల్) మీద, ఇంక తొక్కలేని స్థితి వచ్చేదాకా. చేసినవాళ్లు కూడా మామూలు జనం కాదు, ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లు. ఇప్పుడు యాప్స్‌లో "45 నిమిషాల టబాటా" అని కనిపిస్తే అది ఆ టైమింగ్ వాడుకున్న మామూలు సర్క్యూట్ వర్కౌట్ (రకరకాల ఎక్సర్‌సైజులు ఒకదాని తర్వాత ఒకటి చేసేది) మాత్రమే, 45 నిమిషాలు ఆ తీవ్రతలో ఏ మనిషీ చేయలేడు. చెమట పడ్తది, మంచిదే, కానీ ఆ పేరు చూసి ఆ ఫలితం వస్తదని మాత్రం అనుకోవద్దు.

స్టెప్ 3: కోచ్ మాట మీ భాషలోకి మార్చుకోండి

ఈ ఆడియోలు ఎక్కువశాతం ఇంగ్లీష్‌లో, అందులోనూ అమెరికా కోసం చేసినవే ఉంటయ్. నైకీ రన్ క్లబ్ యాప్‌లో గైడెడ్ రన్స్ ఫ్రీగా ఉన్నయ్, స్పీడ్ రన్స్ కూడా, మొదలుపెట్టేవాళ్లకి అది మంచి చోటు. కానీ ఎవరి ఆడియో విన్నా కొన్ని మాటలు ముందే మనసులో మార్చి పెట్టుకోవాలి.

"మైల్ పేస్" అంటే మీరు ఒక ఆరు నుంచి పది నిమిషాలు మాత్రమే పట్టి ఉంచగలిగే స్పీడ్. "5కే పేస్" అంటే అరగంట అటూఇటూ పట్టగలిగేది, "10కే పేస్" అంటే గంట దాకా. రేసులు ఎప్పుడూ పరిగెత్తనివాళ్లు ఇలా అర్థం చేస్కుంటే చాలు.

ట్రెడ్‌మిల్ మీద చేసేవాళ్లు ఇంకా జాగ్రత్త. కోచ్ "సిక్స్ పాయింట్ జీరో" అంటే అది గంటకి 6 మైళ్లు, మన జిమ్ముల్లో మెషిన్ మామూలుగా కిలోమీటర్లలో ఉంటది, అక్కడ 6 పెడితే గట్టి నడకే. 1.6తో గుణించుకోండి, 5 అంటే 8, 6 అంటే 9.6, 7 అంటే 11.2, 8 అంటే 12.8. ఇంక్లైన్ (మెషిన్ వాలు) మాత్రం శాతమే కాబట్టి మార్చక్కర్లేదు. 20 సెకండ్ల ఇంటర్వెల్స్ ట్రెడ్‌మిల్ మీద పెట్టుకోవద్దు, బెల్ట్ స్పీడ్ అందుకునేసరికే సగం టైమ్ అయిపోతది, మళ్లీ తగ్గించే కంగారులో జారిపడే ప్రమాదం కూడా. ట్రెడ్‌మిల్‌కి కనీసం ఒక నిమిషం, అంతకన్నా పొడుగు ఇంటర్వెల్స్ తీస్కోండి, చిన్నవి సైకిల్ మీదో రోయింగ్ మెషిన్ మీదో చేస్కోండి.

ఇంక తీవ్రత సంగతి. కోచ్ "ఎఫర్ట్ 8" అంటే పదికి ఎనిమిది అని. కానీ కొందరు "15" అంటారు, అది స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 దాకా ఉండే స్కేల్, అందులో 15 అంటే "కష్టంగా ఉంది" అని, కంగారు పడొద్దు. నెంబర్లు గుర్తుండకపోతే మాటతో కొలుచుకోండి, ఆగకుండా ముచ్చట పెట్టగలిగితే అది ఈజీ, వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సొస్తే మీడియం, రెండు మూడు మాటలకి మించి రాకపోతే హార్డ్, అస్సలు నోరు పెగలకపోతే అది ఆల్ అవుట్. 4x4కి కావాల్సింది రెండు మూడు మాటల స్పీడ్, నోరు పెగలని స్పీడ్ కాదు.

హార్ట్ రేట్ చూస్తా అనేవాళ్లకి, మాక్సిమం లెక్కకి 208లోంచి వయసుని 0.7తో గుణించి తీసేయండి, 40 ఏళ్లవాళ్లకి 180 వస్తది, అందులో 90 శాతం అంటే 162. ఇది సగటు లెక్క, మనిషికీ మనిషికీ పది పదిహేను అటూఇటూ ఉంటది. చేతి వాచ్ సెన్సర్ స్పీడ్ మారినప్పుడల్లా వెనకబడ్తది, గుండె వేగం కూడా వెంటనే పెరగదు, అందుకే 30 సెకండ్ల ఇంటర్వెల్‌లో ఆ నెంబర్ చూసి ఏమీ లాభం లేదు. పొడుగు ఇంటర్వెల్‌లో ఆఖరి రెండు నిమిషాల నెంబర్ చూస్తే సరిపోతది, ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ ఉంటే ఇంకా మేలు.

స్టెప్ 4: గొంతుని పరీక్షించండి

ఆడియోలో మధ్యలో ఒక రౌండ్ నుంచి తర్వాతి రౌండ్ దాకా వినండి. స్పీడ్ మారడానికి ఐదు పది సెకండ్ల ముందు చెప్తున్నారా? సగం అయ్యిందని, ఇంకా నిమిషం ఉందని చెప్తున్నారా? ఎన్నో రౌండ్‌లో ఉన్నామో చెప్తున్నారా? రెస్ట్‌లో ఏం చేయాలో, నడవాలా మెల్లగా పరిగెత్తాలా అన్నది చెప్తున్నారా? నాకు ఈ ఆఖరిదే చాలా ముఖ్యం. రెస్ట్ టైమ్‌లో తన కథలు చెప్పుకుంటూ పోయి సడన్‌గా "త్రీ టూ వన్" అనే కోచ్ కన్నా "భుజాలు దించండి, ఊపిరి పూర్తిగా వదలండి, ఇంకా నలభై సెకండ్లుంది" అని చెప్పే కోచ్ వంద రెట్లు నయం.

ఇంకోటి, "నొప్పి అనేది మనసులోనే ఉంటది", "ఆగితే ఓడినట్టే" టైప్ మాటలు మాట్లాడే ఆడియోని పక్కన పెట్టేయండి. మంచి కోచ్ "ఈ స్పీడ్ పట్టకపోతే కొంచెం తగ్గించండి, రౌండ్ మాత్రం పూర్తిచేయండి" అని చెప్తారు.

మ్యూజిక్ సంగతి ఎవరిష్టం వాళ్లది. మ్యూజిక్ మీద కోచ్ గొంతు వినపడట్లేదంటే మాత్రం ఆ ఆడియో బయట పనికిరాదు, మన రోడ్ల హారన్ల మధ్య ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

స్టెప్ 5: చోటుని బట్టి ఆడియో, ఆడియోని బట్టి చోటు కాదు

హైదరాబాద్ ఎగుడుదిగుడు ఊరు, అది మర్చిపోయి పేస్ లెక్కన ఉండే ఆడియో వేస్కుంటే మనసు విరిగిపోతది. కేబీఆర్ పార్క్ బయట వాక్‌వే మీద ఎక్కుడు దిగుడు ఉంటది, జనం కూడా ఉంటారు, పెద్దవాళ్లు మెల్లగా నడుస్తుంటారు, అక్కడ ఫుల్ స్పీడ్ స్ప్రింట్లు వద్దు, ఎఫర్ట్ లెక్కన ఉండే పొడుగు ఇంటర్వెల్స్ అయితే ఓకే. నెక్లెస్ రోడ్ చదునుగా ఉంటది కాబట్టి 4x4కి నాకు నచ్చిన చోటు అదే, పొద్దున్నే బండ్లు తక్కువున్నప్పుడు. 10-20-30కి, 30-30కి గచ్చిబౌలి స్టేడియం లాంటి 400 మీటర్ల ట్రాక్ దొరికితే అంతకన్నా ఏం కావాలి, కాకపోతే లోపలికి ఏ టైమ్‌లో వదుల్తారో ముందే కనుక్కోండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గల్లీల్లో ఉండేవాళ్లకి ఇంటి ముందే అప్ ఉంటది, 45 సెకండ్లు ఎక్కి మెల్లగా నడుస్తూ దిగే హిల్ రిపీట్స్ ఆడియోలు వెతకండి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ గానీ ఫుల్ గానీ చేద్దామనుకునేవాళ్లకి ఇవి చాలా అవసరం, నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఆ ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు తెలుస్తది ఎందుకో.

వానల్లో, లేకపోతే బయటికి పోవడం కుదరనివాళ్లకి అపార్ట్‌మెంట్ మెట్లు ఉన్నయ్. ఐదంతస్తుల బిల్డింగ్‌లో 4 నిమిషాల ఇంటర్వెల్ కుదరదు, 30 నుంచి 40 సెకండ్లు ఎక్కి మెల్లగా రెయిలింగ్ పట్టుకుని దిగేలా రెస్ట్ ఎక్కువున్న ఆడియో తీస్కోండి, దిగేటప్పుడు పరిగెత్తొద్దు, మోకాళ్లకి మంచిది కాదు, జారితే ఇంకా ప్రమాదం. సెల్లార్‌లో చేసేవాళ్లు ఆడియో ముందే డౌన్‌లోడ్ చేస్కోండి, అక్కడ సిగ్నల్ పోతే మూడో రౌండ్‌లో ఆడియో ఆగిపోతది. ఇంట్లో చేస్తే కింది ఫ్లోర్ వాళ్ల గురించి కూడా ఆలోచించి గెంతులు లేని వర్కౌట్, డిస్క్రిప్షన్‌లో "లో ఇంపాక్ట్" అని ఉన్నది వెతకండి.

ఎండాకాలం గురించి చెప్పక్కర్లేదు, ఏప్రిల్ మేలో 40 డిగ్రీలు దాటుతది, తెల్లారకముందే మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించండి. వేడిలో అదే స్పీడ్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటది, ఎందుకంటే చర్మాన్ని చల్లబరచడానికి కూడా రక్తం పంపాలి. అందుకని ఆ రెండు నెలలు పేస్ వదిలేసి ఎఫర్ట్ లెక్కనే పోండి, రౌండ్లు ఒకటి తగ్గించినా తప్పులేదు.

చెవుల మాట కూడా ఇక్కడే. రోడ్ మీద రెండు చెవులు మూసే నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టుకుని ఇంటర్వెల్స్ చేయొద్దు, రాంగ్ రూట్‌లో వచ్చే బండి, వెనకనుంచి కుక్క, ఏదీ వినపడదు, పైగా గట్టిగా పరిగెత్తుతున్నప్పుడు చుట్టుపక్కల ధ్యాస మామూలుగానే తగ్గుతది. ఒక చెవికే పెట్టుకోండి, లేదంటే చెవి తెరిచి ఉంచే బోన్ కండక్షన్ టైప్, లేదంటే బయటి శబ్దం వినిపించే మోడ్ ఆన్ చేయండి. ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి, ఫ్యామిలీ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వరసగా వచ్చినప్పుడల్లా కోచ్ గొంతు తగ్గిపోతుంటే టైమింగ్ మిస్సవుతారు.

స్టెప్ 6: నచ్చింది దొరక్కపోతే మీరే తెలుగులో చేస్కోండి

ఇది చాలామంది ఆలోచించరు గానీ ఎంత బాగా పనిచేస్తదో చెప్పలేను. మన ఇళ్లల్లో అమ్మలు, పిన్నిలు, నాన్నలు పరిగెత్తకపోవడానికి ఒక కారణం ఈ ఆడియోలన్నీ వాళ్లకి అర్థంకాని యాసలో ఉండటం కూడా. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి, ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 40 నిమిషాల 4x4ని కూర్చుని చదివేయండి. "అమ్మా, ఇంకో పది సెకండ్లలో స్పీడ్ పెంచుదాం." "రెండు నిమిషాలు అయినయ్, సగం అయిపోయింది, చేతులు బిగించకు." "చాలు, మెల్లగా నడువ్, మూడు నిమిషాలుంది, నీళ్లు తాగు." మధ్యలో నిశ్శబ్దం ఉన్నా పర్లేదు, వెనకాల చిన్నగా వాళ్లకి నచ్చిన పాటలు పెట్టండి. కూతురి గొంతో కొడుకు గొంతో చెవిలో వినపడ్తుంటే వాళ్లు రౌండ్ మధ్యలో ఆపరు. అంతసేపు రికార్డ్ చేసే ఓపిక లేకపోతే ఇంటర్వెల్ టైమర్ యాప్స్‌లో కొన్నిట్లో మనం టైప్ చేసిన మాటని ఫోన్ వాయిసే చదివేస్తది, ఫోన్‌లో తెలుగు వాయిస్ పెట్టుకుంటే తెలుగులోనే.

వాళ్లకి 4 నిమిషాలు ఎక్కువ అనిపిస్తే 2 నిమిషాలతో మొదలుపెట్టించండి, పరుగే అక్కర్లేదు, ఆయాసం వచ్చేంత గట్టి నడక అయినా ఇంటర్వెలే.

స్టెప్ 7: వారంలో ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి

గట్టి ఇంటర్వెల్స్ వారానికి రెండు రోజులు చాలు, బాగా అలవాటైనవాళ్లకి మూడు, మధ్యలో కనీసం ఒక రోజు గ్యాప్. మిగతా రోజులు ముచ్చట పెట్టుకుంటూ చేసే ఈజీ పరుగు, నడక, సైకిల్. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2020 గైడ్‌లైన్స్‌లో 18 ఏళ్లు దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు ఎక్సర్‌సైజ్ లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైనది అని ఉంది, రెండూ కలిపి చేస్కోవచ్చు. రోజూ ఇంటర్వెల్ ఆడియో వేస్కునేవాళ్లు మొదట్లో ఉత్సాహంగానే ఉంటారు, తర్వాత పిక్కల నొప్పి, నిద్ర సరిగ్గా పట్టకపోవడం, పొద్దున్నే లేచేసరికి హార్ట్ రేట్ మామూలుకన్నా ఎక్కువుండటం, ఇవి కనిపిస్తే ఒక వారం ఈజీగా పోండి.

ఆడియోలో వార్మప్ రెండు నిమిషాలే ఉంటే దాన్ని నమ్మొద్దు, ప్లే నొక్కకముందే మీరు సొంతంగా ఇంకో ఎనిమిది నిమిషాలు మెల్లగా కదలండి, చివర్లో మూడు నాలుగు సార్లు 15 సెకండ్లు స్పీడ్ పెంచి తగ్గించండి.

ఒకసారి ఎంచుకున్న ఆడియోని మూడు నాలుగు వారాలు మార్చొద్దు. రోజుకో కొత్త వర్కౌట్ చేస్తే బోర్ కొట్టదు నిజమే, కానీ పెరిగామో లేదో తెలీదు. అదే ఆడియో, అదే చోటు, అదే టైమ్, ప్రతి గట్టి రౌండ్‌లో ఎంత దూరం పోయారో ఫోన్‌లో నోట్ చేస్కోండి, నెక్లెస్ రోడ్ మీదైతే ఏ లైట్ స్తంభం దాకా పోయారో చూస్కున్నా చాలు. నాలుగో రౌండ్ మొదటి రౌండ్ కన్నా బాగా తక్కువొస్తే వచ్చేసారి మొదటి రౌండ్ మెల్లగా మొదలుపెట్టండి, అప్పటికీ కుదరకపోతే రెస్ట్ ఎక్కువున్న ఆడియోకి మారండి. రెండు మూడు సెషన్లు వరసగా నాలుగు రౌండ్లూ సమానంగా వచ్చి ఆఖర్లో ఇంకా కొంచెం మిగిలి ఉందనిపిస్తే అప్పుడు స్పీడ్ కొంచెం పెంచండి, లేదా ఒక రౌండ్ పెంచండి, లేదా రెస్ట్‌లో అర నిమిషం తగ్గించండి. మూడూ ఒకేసారి వద్దు, ఏదో ఒక్కటే.